కిందికి రాకూడని రాకెట్

ఫిబ్రవరి ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం పదిన్నర గంటలకు మెదక్ జిల్లా విజ్ఞానవంతమవుతుందని పత్రికల్లో ప్రకటన వచ్చింది. కింద జిల్లా విజ్ఞాన వికాస ప్రత్యేకాధికారి శ్రీ నరసరాజు గారి సంతకం ఉంది. అప్పటికి ఇంకా ఇరవై రోజుల గడువుంది కాబట్టి, ఆ ఇరవై రోజులూ జిల్లా యథాప్రకారం ఉండవచ్చునని నేను అర్థం చేసుకున్నాను.

ఇది తొంభై ఏడో సంవత్సరం సంగతి. ఇస్నాపూర్ దాటాక, ఫ్యాక్టరీ గోడనానుకుని ఉన్న ఒక ఊరి హైస్కూల్లో నేను తెలుగు పండితుణ్ణి. సైన్సు టీచరు బదిలీ అయి వెళ్లి మూడేళ్లైంది. ఆ పాఠాలు కూడా నేనే చెబుతున్నాను. న్యూటన్ మూడో సూత్రాన్ని పిల్లలకు కందపద్యంలో చెప్పాను. యతి కుదిరింది, ప్రాస కుదిరింది. పిల్లలకు సూత్రం మాత్రం కుదరలేదు. అటువంటి నాకు నరసరాజు గారి కింద పనిచేసే భాగ్యం కలగడం పూర్వజన్మ సుకృతం.

నరసరాజు గారిది గోదావరి జిల్లా. వయసు యాభై నాలుగు. ఈ హోదాలోకి రాకముందు ఆయన చేపల శాఖలో ఉండేవారు. చేపపిల్లల్ని చెరువులో వదిలితే అవే ఈదుతాయనీ, బడిపిల్లల్ని సైన్సులో వదిలితే వాళ్లూ అంతేననీ ఆయన సిద్ధాంతం. జిల్లాలో ఇన్ని బళ్లుండగా ఆ రోజు జరిగే సైన్సు ఉత్సవానికి మా బడినే ఎంచుకోవడంలో కూడా ఒక శాస్త్రీయ కారణం ఉంది. ప్రారంభించబోయే మంత్రిగారికి అదే రోజు మధ్యాహ్నం జహీరాబాదులో పెళ్లి ఉంది. మా బడి ఆ దారిలో ఉంది.

ఏర్పాట్లు చూడటానికి ఆయన వారం ముందే వచ్చారు. మా హెడ్మిస్ట్రెస్ అన్నపూర్ణ గారు పిల్లల ప్రయోగాలన్నీ వరండాలో పెట్టించారు. థర్మాకోల్ ఊపిరితిత్తులు, మట్టి అగ్నిపర్వతం, ఎలా చూసినా మంచం లాగే కనిపించే ఒక గాలిమర. చిట్టచివర తొమ్మిదో తరగతి బాలమణి ఒక ఖాళీ కూల్‌డ్రింకు సీసా పట్టుకుని నిలబడింది.

బాలమణి తండ్రి ఎల్లయ్యకు హైవే మీద సైకిల్ రిపేరు దుకాణం ఉంది. గాలి కొట్టడం ఆ పిల్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆమె ప్లాస్టిక్ సీసాలో మూడోవంతు నీళ్లు పోసి, సైకిల్ ట్యూబు వాల్వు గుచ్చిన రబ్బరు బిరడా బిగించి, తలకిందులుగా నిలబెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టింది. సీసా మెడను పట్టి ఉంచిన చువ్వను దారంతో లాగింది. అంతే, సీసా నీళ్లు చిమ్ముకుంటూ మా వేపచెట్టు కంటే ఎత్తుకు లేచి, మరుగుదొడ్ల అవతల పడింది.

నరసరాజు గారి ఫైలు తడిసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఇది ఏ శాఖ కిందికి వస్తుందని అడిగారు. ఆయనే కాసేపు ఆలోచించి, దీన్ని రాకెట్ అంటారని తేల్చారు. ఉత్సవంలో మంత్రిగారు దీన్నే ప్రయోగిస్తారనీ, అన్నిటికంటే మంచి ప్రయోగం చేసినవాళ్లను మే నెలలో హైదరాబాదులో పదిహేను రోజుల బాల శాస్త్రవేత్తల శిబిరానికి పంపుతారనీ ప్రకటించారు. అక్కడ పెద్ద టెలిస్కోపు ఉందట. శనిగ్రహం చుట్టూ వలయాలు చూపిస్తారట.

ఆ రోజు నుంచి బాలమణి నన్ను వదల్లేదు. శని చుట్టూ వలయాలు నిజంగా ఉంటాయా, లేక బొమ్మలో అందం కోసం వేశారా అని అడిగింది. పుస్తకంలో ఉంది కదా అన్నాను.

"పుస్తకంల గాదు సార్, కండ్లతోని సూడాలె" అంది.

సీసా రాకెట్‌గా మారిన తరువాత దానికి కొన్ని మర్యాదలు అవసరమయ్యాయి. మొదట మంత్రిగారి ఫోటో అంటించారు. ఒక్కటే ఫోటో అయితే సీసాకు అవతలివైపు నిలబడినవాళ్లకు అన్యాయం జరుగుతుందని రెండోది అంటించారు. దారం లాగడం మంత్రిగారి స్థాయికి తగదని, బటన్ ఒకటి పెట్టించారు. బటన్‌కు మా ఆఫీసు గదిలోని కాలింగ్ బెల్లు తగిలించారు. మంత్రిగారు బటన్ నొక్కితే బెల్లు మోగుతుంది, అది విని బాలమణి తెర వెనక దారం లాగుతుంది. దీన్ని రిమోట్ సిస్టమ్ అంటారని నరసరాజు గారు నాతో రాయించారు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. ఉత్సవానికి రెండు రోజుల ముందు నరసరాజు గారు పరీక్షగా ఎగరేయించి చూశారు. సీసా లేచింది, తిరిగి మట్టిలో బోర్లా పడింది. మంత్రిగారి ముఖం బురదలో ఉంది. నరసరాజు గారు దాన్ని తన రుమాలుతో తుడిచారు. తరువాత బాలమణిని పిలిచారు.

"అమ్మాయ్, పైకి వెళ్లడం బాగుంది. కిందికి రావడం తీసెయ్."

"పైకి పోయింది కిందికి రావాలె గద సార్."

"అలాగని ఎవరు చెప్పారు?"

"పుస్తకంల ఉన్నది సార్."

"ఆ పుస్తకం ఏ సంవత్సరం సిలబస్?"

బాలమణి నా వైపు చూసింది. నేను అన్నపూర్ణ గారి వైపు చూశాను. అన్నపూర్ణ గారు హాజరు పట్టీ వైపు చూశారు. చివరకు, రాకెట్ నేలను తాకేలోపు పట్టుకునేందుకు ఒక నిపుణుల కమిటీ వేశారు. నేను, డ్రిల్లు మాస్టారు, గుమాస్తా, అటెండరు నర్సన్న. హాస్టల్ దుప్పటి నాలుగు కొసలు నలుగురం పట్టుకుని, ఆకాశం చూస్తూ పరుగెత్తాలి. రెండు రోజులు సాధన చేశాం. గుమాస్తా ఎప్పుడూ గేటు వైపే పరుగెత్తేవాడు. ఆ కారణంగా దుప్పటి రెండుసార్లు చిరిగింది.

ఉత్సవం రోజు మంత్రిగారు ఒంటిగంటకు వచ్చారు. పదిన్నర అనే మాటను విశాలంగా అర్థం చేసుకోవాలని మైకులో చెప్పాం. ఆయన తెల్లటి ఖద్దరులో మెరిసిపోతున్నారు. బటన్ నొక్కారు. బెల్లు మోగింది. అలవాటు ప్రకారం నర్సన్న దుప్పటి కొస వదిలేసి, "ఆ, వస్తున్న" అంటూ ఆఫీసు గదికి పరుగెత్తాడు. బాలమణి దారం లాగింది.

రాకెట్ లేచింది. అందులోని నీళ్లన్నీ మంత్రిగారి మీద పడ్డాయి. అవి మా బోరు నీళ్లు కాబట్టి ఖద్దరు మీద పసుపుపచ్చని మరకలు తేలాయి. పోలీసులు కదిలేలోపే నరసరాజు గారు, అది రాకెట్ ఇంధనమని, కాలుష్యరహితమని చెప్పారు. మంత్రిగారు కొంచెం అరచేతిలోకి తీసుకుని తల మీద చల్లుకున్నారు. పక్కనున్న సర్పంచి కూడా చల్లుకున్నాడు.

ఆ సమయంలో మేం ముగ్గురం మూడు కొసల దుప్పటితో మైదానమంతా తిరుగుతున్నాం. రెండు ఫోటోలు అంటించడంతో రాకెట్ ఒక పక్కకు ఒరిగి, గాలివాటున ఫ్యాక్టరీ గోడ దాటి, పొగలో కలిసిపోయింది. మేం ఎదురుచూశాం. అది రాలేదు.

మంత్రిగారు కూడా మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూశారు. మళ్లీ ఎప్పుడు వస్తుందని అడిగారు. ప్రస్తుతానికి తిరిగి వచ్చే కార్యక్రమమేదీ లేదని నరసరాజు గారు వినయంగా మనవి చేశారు. మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఆయన మైకు అందుకుని, ఒక పల్లెటూరి బడి నుంచి తన ఫోటో అంతరిక్షానికి చేరిందనీ, ఇకపై తాను ప్రజలను పైనుంచి కూడా కనిపెట్టుకుని ఉంటాననీ చెప్పి పెళ్లికి వెళ్లారు. మర్నాడు పత్రికల్లో అదే వచ్చింది.

ఆ మర్నాడే ఫ్యాక్టరీ వాచ్‌మన్ చిన్నరాములు సంచిలో రాకెట్ వేసుకుని బడికి వచ్చాడు. నరసరాజు గారు అన్నపూర్ణ గారి గదిలో అభినందన లేఖలు చదువుకుంటున్నారు. అది బాయిలర్ షెడ్డు రేకుల మీద పడిందని, మంత్రి ఫోటో ఉండటంతో పారేయడానికీ భయమేసింది, దాచుకోవడానికీ భయమేసిందని చిన్నరాములు చెప్పాడు.

"మీది మీరు తీస్కోండ్రి సారు."

"ఇది మాది కాదు. మాది పైన ఉంది" అన్నారు నరసరాజు గారు.

"మరి ఇదేంది సారు?"

"ఇది సీసా."

చిన్నరాములు సీసాను ఇటూ అటూ తిప్పి చూశాడు. మంత్రిగారి ముఖం రెండువైపులా నవ్వుతూనే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు. నరసరాజు గారు నన్ను పిలిచి, దాన్ని ఎవరికీ కనపడకుండా నా బీరువాలో పెట్టమన్నారు. బాలమణికి మాత్రం చెప్పి పెట్టాను.

అంతరిక్షంలో రాకెట్ ఉన్న బడికి బాధ్యతలు పెరుగుతాయని మాకు వారంలోనే తెలిసింది. అంత బరువైనది పిల్లల నెత్తిన పడితే ఎవరు జవాబుదారీ అని ఒక పత్రిక రాసింది. వెంటనే జిల్లా కేంద్రం సంగారెడ్డి నుంచి ఉత్తర్వు వచ్చింది. రాకెట్ దిగేవరకు విద్యార్థులెవరూ బడి ఆవరణలో ఆకాశం కింద ఉండరాదు. ప్రార్థన వరండాలోకి మారింది. డ్రిల్లు మాస్టారు నల్లబల్ల మీద కబడ్డీ నేర్పాడు. మరుగుదొడ్లు మైదానం అవతల ఉన్నాయి కాబట్టి, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని పోవడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. పిల్లలు ఈ సౌకర్యాన్ని బాగా వాడుకున్నారు. ఒక్కొక్కరు గంటకు మూడుసార్లు పోయేవారు.

మార్చి చివర్లో శిబిరం ఉత్తర్వు వచ్చింది. మా జిల్లా నుంచి రాకెట్ ఎంపికైంది. దాన్ని తయారుచేసిన విద్యార్థి, తయారుచేసిన వస్తువును వెంట తెచ్చుకోవాలని షరతు. ఆ రోజు బాలమణి క్లాసులో కూర్చోలేకపోయింది. సాయంత్రం ఎల్లయ్య, దుకాణం మూసి, కూతురి కోసం పటాన్‌చెరు పోయి కొత్త సంచి, బూట్లు తెచ్చాడు. రాత్రిపూట చలిగా ఉంటుందేమోనని మే నెలకు స్వెట్టరు కూడా తెచ్చాడు. ఆడపిల్లను అన్ని రోజులు ఒక్కదాన్ని ఎట్లా పంపుతావని చుట్టాలు అడిగితే, ఆమె సీసానే అంత దూరం పోయింది, ఆమె పోతే ఏమని అన్నాడట.

మరుసటి సోమవారం నరసరాజు గారు వచ్చినప్పుడు బాలమణి వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"సార్, రాకెట్ పంతులు సారు బీర్వల ఉన్నది. తీస్కపోత సార్."

"అది సీసా అమ్మాయ్. రాకెట్ కిందికి దిగాక తీసుకువెళ్లు."

"ఎప్పుడు దిగుతది సార్?"

"దిగడం ఎవరూ చూడలేదు కదా. చూశాక ఆలోచిద్దాం."

ఇంకో సీసా చేసుకొస్తానని ఆమె అడిగింది. ప్రభుత్వ రాకెట్ ఒకటి పైన తిరుగుతుండగా రెండోది చేయడం వృథా వ్యయమని ఆయన ఓపికగా వివరించారు. బాలమణి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఏడవలేదు. బయటికి వచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని, "సూడలే అంటున్నడు, సూడలే అంటున్నడు" అని తనలో తాను రెండుసార్లు అనుకుంది. మూడోసారి అనేటప్పటికి ఆమె ముఖం మారింది. లేచి నా దగ్గరికి వచ్చి బీరువా తాళంచెవి అడిగింది. ఎందుకని నేను అడగలేదు. తెలుగు పండితుడు అన్నీ అడగకూడదు.

ఏప్రిల్ పదో తేదీన నరసరాజు గారు ఇద్దరు విలేకరులను వెంటబెట్టుకుని వచ్చారు. రాకెట్ లేచిన స్థలాన్ని వాళ్లకు చూపించాలి. అక్కడ ఒక శిలాఫలకం వేయాలన్న ఆలోచన కూడా ఉంది. ఆకాశం కింద నిలబడేందుకు అధికారులకు మినహాయింపు ఉంది కాబట్టి మైదానం మధ్యకు నడిచారు. పిల్లలంతా వరండాలో ఉన్నారు. బాలమణి కనిపించలేదు. బడి గోడ అవతల సందులో ఎల్లయ్య సైకిలు ఆగి ఉండటం, దానికి పంపు కట్టి ఉండటం నేను కిటికీలోంచి చూశాను.

ఎవరో గాలి కొడుతున్న చప్పుడు వచ్చింది. నరసరాజు గారు, ఇక్కడి నుంచి రాకెట్ ఎంత ఎత్తులో ఉందో చెబుతున్నారు. చెప్పడం పూర్తికాలేదు. నెత్తి మీద బుస్సుమన్న చప్పుడు. రాకెట్ ఆకాశంలో ఒక్క క్షణం ఆగినట్టే కనిపించి, తిరిగి, ఎండలో మెరుస్తూ వచ్చి ఆయన చెప్పులకు మూరెడు దూరంలో పడింది. ఇద్దరు విలేకరులూ చూశారు. మూడువందల మంది పిల్లలూ చూశారు. నర్సన్న కూడా చూశాడు.

నరసరాజు గారు ముందు రాకెట్‌ను, తరువాత గోడను, తరువాత విలేకరులను చూశారు. ఆ కొద్దిసేపట్లో ఆయన మనసులో ఎన్ని శాఖలు తిరిగాయో నాకు తెలియదు. నెమ్మదిగా వాచీ చూసుకున్నారు.

"నలభై ఒక్క రోజులు" అన్నారు.

విలేకరులు రాసుకున్నారు. అన్ని రోజులు పైన తిరిగినా ఫోటో ఎందుకు కాలిపోలేదని ఒకతను అడిగాడు. అది మంత్రిగారి వ్యక్తిత్వమని చెప్పారు. తడిగా ఎందుకుందని రెండో అతను అడిగాడు. దారిలో మబ్బులున్నాయని చెప్పారు. ఆ క్షణంలో ఉత్తర్వు రద్దయింది. పిల్లలు వరండాలోంచి నీళ్లు వదిలినట్టు మైదానంలోకి దూకారు. నలభై ఒక్క రోజుల పరుగులన్నీ ఆ ఒక్క మధ్యాహ్నం పరుగెత్తారు. వాళ్ల మధ్య బాలమణి, మోకాళ్ల దాకా సందులోని బురదతో, గేట్లోంచి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. నాకు మళ్లీ కందపద్యం రాయాలనిపించింది.

మే ఒకటో తేదీ పొద్దున్నే ఇస్నాపూర్ చౌరస్తాలో బాలమణి, ఎల్లయ్య, నేను నిలబడ్డాం. కొత్త సంచి, బూట్లు, భుజాన స్వెట్టరు. చేతిలో కొత్త గుడ్డలో చుట్టిన రాకెట్. నరసరాజు గారి జీపు వచ్చి ఆగింది. ఆయన దిగి రాకెట్ అందుకుని ముందు సీటులో పెట్టి, దానికి తువ్వాలు చుట్టారు. బాలమణి వెనక తలుపు తీయబోయింది. ఆయన మెల్లగా విషయం చెప్పారు. నలభై ఒక్క రోజుల తరువాత ఇది విద్యార్థి వస్తువు కాదు, ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తి వెంట బాధ్యత గల అధికారి వెళ్లాలి. శిబిరంలో జిల్లాకు ఒక్క మంచమే ఉంది.

ఎల్లయ్య ఏదో అనబోయాడు. ఆగి, తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. నేను కూడా ఏదో అనాలనుకున్నాను. నాకు అన్ని సంధులూ తెలుసు, కానీ ఆ సమయానికి ఒక్క మాటా కలవలేదు. బాలమణి జీపు కిటికీ దగ్గరికి వెళ్లింది.

"సార్, నీళ్లు నిండ పొయ్యకుండ్రి. మూడోవంతే పొయ్యాలె. లేకుంటె లేవది."

నరసరాజు గారు డ్రైవరును రాసుకోమన్నారు. డ్రైవరు దగ్గర పెన్ను లేదు. జీపు వెళ్లిపోయింది. ఎల్లయ్య వెంటనే ఇంటికి పోలేదు. దుకాణం తెరిచాడు. బాలమణి బూట్లు విడిచి, సంచిలో పెట్టి, ఆ రోజు పదకొండు పంక్చర్లు వేసింది.

జూన్‌లో బడి తెరిచిన రోజు నరసరాజు గారు ప్రార్థనకు వచ్చి శిబిరం అనుభవాలు చెప్పారు. ప్రభుత్వం ఉదారంగా ఉండాలని ఆయన రాకెట్‌లో నీళ్లు నిండుగా పోశారట. అది లేవలేదట. మిగతా జిల్లాల రాకెట్లు ఎక్కడెక్కడో పడి అద్దాలు పగలగొట్టాయట. మనది ఉన్నచోటే ఉండటంతో న్యాయనిర్ణేతలు దాన్ని అత్యంత సురక్షిత రాకెట్‌గా గుర్తించారట. రాత్రిపూట టెలిస్కోపులో శనిని కూడా చూశారట. సాధారణంగా శని మనల్ని చూస్తుంది, శనిని తానే ముందు చూసిన మొదటి జిల్లా అధికారి బహుశా తానేనని ఆయన అన్నప్పుడు అన్నపూర్ణ గారు చప్పట్లు కొట్టించారు. బాలమణి చెయ్యెత్తి, వలయాలు ఎట్లున్నాయని అడిగింది. ఆయన కాస్త ఆలోచించి, చెవిపోగుల్లా ఉన్నాయన్నారు. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

చివరగా ఆయన ప్రశంసాపత్రం చూపించారు. ఉత్తమ బాల శాస్త్రవేత్త, శ్రీ నరసరాజు అని బంగారు రంగు అక్షరాల్లో ఉంది. అందరం నిలబడి గౌరవించాం.

ఆ తరువాత నేను పదో తరగతికి వెళ్లి కొత్త హాజరు పట్టీ తెరిచాను. గుమాస్తా ముత్యాల్లాంటి దస్తూరితో రాశాడు. శిబిరానికి విద్యార్థులను మాత్రమే అనుమతిస్తారు కాబట్టి, ఏప్రిల్ నెలాఖరులో సంగారెడ్డి నుంచి వచ్చిన ఆదేశం ప్రకారం, మా బడి రికార్డులో రాకెట్ తయారుచేసిన విద్యార్థి పేరు సవరించారు. రికార్డును తిరిగి సవరించాలంటే, ఆ విద్యార్థి తండ్రి వచ్చి సంతకం చేయాలి. నరసరాజు గారి తండ్రి పోయి పదిహేనేళ్లైందని అన్నపూర్ణ గారు వాకబు చేసి తెలుసుకున్నారు.

నేను పట్టీ చూస్తూ వరసగా పిలిచాను. పదహారో పేరు అయింది.

"పదిహేడు. నరసరాజు."

మూడో బెంచీలోంచి బాలమణి లేచి నిలబడింది.

"ఉన్న సార్."

హాజరు వేశాను.